పసుపుకు గింజ లేదు, విత్తనం మన ఇంట్లోనే ఉంది

పసుపు తవ్వకాలు నడుస్తున్నాయి. ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, ఏనుమాములకో కేసముద్రానికో తోలుడు. ఈ పనుల్లో పడి విత్తనం సంగతి చివరికి నెట్టేస్తున్నాం. ఈ నెల ఆ మాటే మాట్లాడుకుందాం.

మనం దుంప అనేది వేరు కాదు, భూమిలో పెరిగే కాండం. దాని మీద కణుపులు, కణుపుకో మొలక కన్ను ఉంటాయి. పైకి కనిపించేదే అసలు కాండం కాదు, అరటి బోదె లాగా ఆకు తొడుగులు ఒకదాన్నొకటి చుట్టుకున్నవి. ఈ మొక్క జాతిని శాస్త్రజ్ఞులు కుర్కుమా అంటారు. కస్తూరి పసుపు ఈ జాతిదే. మామిడల్లం కూడా పేరుకే అల్లం, చుట్టరికం పసుపుతోనే.

పసుపు పూత మనందరం చూసిందే. గింజ చూసిన వాళ్లు ఎవరు? దాని కణాల్లో 63 క్రోమోజోములున్నాయి, 21 చొప్పున మూడు వరుసలు. రెండు వరుసలైతే చెరిసగం పంచుకొని గింజ కడుతుంది. మూడింటిని సమంగా పంచలేదు కాబట్టి పూసినా గొడ్డుపోతుంది. అందుకే దుంప ముక్కే విత్తనం.

ఇందులో మనకు మేలుంది. పత్తి విత్తనానికి ఏటా దుకాణం ముందు లైను కట్టే మనకు, పసుపులో ఆ బాధ లేదు. ప్యాకెట్ కొనమనే కంపెనీ లేదు.

కీడు కూడా అక్కడే ఉంది. ఇక్కడ కొత్త తరం పుట్టదు. మన తాతలు నాటిన మొక్కే ముక్కలై ఒక చెలక నుంచి ఇంకో చెలకకు పోతోంది. తల్లికి దుంపకుళ్లు ఉంటే పిల్లకూ వస్తుంది. ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. అందులో నాలుగు దుంపలు చెడ్డవున్నా తడి ఎక్కువైన రోజు మడి మొత్తం పోతుంది. పైగా నాణ్యమైన కాడి, గోళ మార్కెట్‌కు పంపి, మిగిలింది విత్తనానికి దాచే అలవాటు మనది. మేమూ అదే చేశాం, నష్టపోయాం.

విత్తనం ఎంచుకునేది తవ్వేటప్పుడు కాదు, ఆకు పచ్చగా ఉన్నప్పుడే. ఆకు ఎండిపోయాక ఏ మొక్క బాగుందో, ఏది కుళ్లుతో వాడిందో తెలియదు. పచ్చగా నిలిచిన మడికి గుర్తు పెట్టి, దాన్ని వేరుగా తవ్వి, చెట్టు నీడన పసుపు ఆకు కప్పి నిల్వ చేయాలి.

నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరి 14న పసుపు బోర్డు మొదలైంది. ధర గురించి అడుగుతూనే ఉన్నాం, అడుగుతాం. విత్తనం గురించీ అడగాలి. ప్రగతి లాంటి రకాలు 180 రోజుల్లోనే చేతికొస్తాయంటున్నారు. కానీ ఎకరం పంటను మొత్తం విత్తనానికే ఉంచినా మరుసటి ఏడు సుమారు పదెకరాలే నాటగలం. కొత్త రకం ఊరంతా పాకడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి బోర్డు ప్రతి మండలంలో రైతుల పొలాల్లోనే తెగులు లేని విత్తన క్షేత్రాలు పెట్టించాలి, ఆ విత్తనం కొనే రైతుకు సబ్సిడీ ఇవ్వాలి.

ఈసారి కుళ్లు తగలని మడి మీ ఊళ్లో ఎవరిదో గ్రామ కమిటీలు రాసి మే నెలాఖరులోగా సంఘం కార్యాలయానికి పంపండి. మృగశిర రాకముందే ఆ విత్తనం అవసరమున్న రైతుకు చేరేలా చూద్దాం.