మూడు స్పీడుల సైకిలు



పాలమూరు జిల్లా నుండి ఒక సోదరుడు మన పేజీకి ఒక ఉత్తరం వ్రాశారు. వారి తాతగారు వాడిన ర్యాలీ సైకిలు ఇరవై యేండ్లుగా కొట్టములో మూలన ఉన్నదట. "వెనుక చక్రం నడుమ హబ్బు మామూలుగా లేదు, లావుగా డబ్బా వలె ఉన్నది. హ్యాండిలుకు చిన్న మీట, దాని నుండి ఒక తీగ. మా ఊరి మిస్త్రీ ఆ డబ్బా పీకేసి మామూలు ఫ్రీవీలు వేద్దామంటున్నాడు. పాత ఇనుము కొనే అతను కిలోల లెక్కన అడుగుతున్నాడు. ఏమి చేయమంటారు?" అని వారి ప్రశ్న.

అమ్మవద్దు. డబ్బా పీకనీయవద్దు. జవాబు ఇంతే. కాని ఇలాంటి సైకిలుతో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది గనుక ఈ నెల పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాను.

మా నాన్నగారు కాచిగూడలో కాపురముండి, అబిడ్స్‌లోని ఒక అచ్చాఫీసు పుస్తకాలను ఊళ్ళకు తీసుకుపోయి అమ్మేవారు. పలకలు, పెద్ద బాలశిక్షలు, పంచాంగం కాని క్యాలెండర్లు, సువార్త పుస్తకాలు, ఏవి అమ్ముడుపోతే వాటి మీద కమీషను. పట్నంలో ఉన్న రోజుల్లో కాచిగూడ నుండి సుల్తాన్ బజారు, కోఠి, బ్యాంక్ స్ట్రీట్ మీదుగా అబిడ్స్, అక్కడి నుండి నాంపల్లి. ఊళ్ళ రోజుల్లో సైకిలును కాచిగూడ స్టేషనులో బ్రేకు వ్యానుకు బుక్ చేసి, మీటరు గేజి బండిలో షాద్‌నగర్‌లో దిగి, అక్కడి నుండి తొక్కుకుంటూ పోవడం. 1916లో కట్టిన ఆ స్టేషను గుమ్మటాల కింద నాన్నగారు సైకిలుకు చీటీ కట్టిస్తుంటే చూడడం నాకు చిన్నప్పుడు పండుగ.

ఆ సైకిలును 1961లో, ఊరు మారిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర పాతదిగా కొన్నారు. మూడు వాయిదాల మీద నూట ఎనభై రూపాయలు. ఆ డబ్బుతో కొత్త హెర్క్యులీస్ వచ్చేది కదా అని అమ్మ నెల రోజులు సణిగింది. కొత్త సైకిలు, చేతి గడియారం, రేడియో ఇస్తే పెళ్ళికొడుకు సంతోషించే రోజులు మరి. కాని నాన్నగారు ఆ వెనుక డబ్బా కోసమే కొన్నారు. దాని మీద ఏ.డబ్ల్యు. అని, పక్కన 55 అని చెక్కి ఉంది. 55 అంటే 1955లో తయారైనదని అర్థం. సోదరుడు తన డబ్బాను కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అలాంటి అంకె కనబడవచ్చు.

ఈ డబ్బా పుట్టినది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో. ర్యాలీ కంపెనీ 1903లో హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్ అనే ఇద్దరి పేర్లు కలిపి స్టర్మీ ఆర్చర్ మూడు స్పీడుల హబ్బును బజారుకు తెచ్చింది. మనము మాట్లాడుతున్న ఏ.డబ్ల్యు. రకము 1936లో వచ్చింది. మన దేశంలో 1950ల తొలినాళ్ళలో అసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ ఫ్యాక్టరీ నడిచింది, మద్రాసులో 1949లో టి.ఐ. సైకిల్స్ మొదలైంది. అయితే ఇక్కడ ఊరూరా తిరిగిన సైకిళ్ళలో అధిక భాగం ఒకే స్పీడువి. గేరు సైకిలు దొరల సైకిలు అనిపించుకునేది. నాటింగ్‌హామ్‌లోని హబ్బుల ఫ్యాక్టరీ 2000లో మూతపడి, ఆ పేరు, యంత్రాలు తైవానుకు పోయాయి. అక్కడ నేటికీ మూడు స్పీడుల హబ్బులు తయారవుతున్నాయి.

లోపల ఏముంటుందంటే, ఇరుసుకు గట్టిగా అంటుకొని తిరగని పళ్ళచక్రం ఒకటి. దాని చుట్టూ నాలుగు చిన్న పళ్ళచక్రాలు, గానుగ చుట్టూ ఎద్దులు తిరిగినట్లు తిరుగుతాయి. వాటికి వెలుపల, లోపలివైపు పళ్ళున్న ఒక కడియం. మీట నొక్కినప్పుడు తీగ లాగి, చైను బలము వీటిలో దేనికి అందాలో మారుస్తుంది. రెండవ స్పీడులో వెనుక పళ్ళచక్రం, చక్రం ఒకటిగా తిరుగుతాయి, మామూలు సైకిలే. మొదటి స్పీడులో వెనుక పళ్ళచక్రం నాలుగు చుట్లు తిరిగితే చక్రం మూడు చుట్లే తిరుగుతుంది, కనుక ఎత్తు ఎక్కడం తేలిక. మూడవ స్పీడులో అది మూడు చుట్లు తిరిగితే చక్రం నాలుగు. గాలి వెనుక నుండి వీస్తుంటే షాద్‌నగర్ బాటలో నాన్నగారు మూడవ స్పీడు వేసి, బస్సుతో పందెం వేసుకున్నట్లు పోయేవారు. క్యారియరు మీద ముప్పై సేర్ల పుస్తకాల పెట్టెతో ఎదురుగాలిలో రావాలంటే మాత్రం మొదటి స్పీడే దిక్కు.

ఇప్పటి పిల్లల గేరు సైకిళ్ళలో చైను ఒక చక్రం మీది నుండి మరొక చక్రం మీదికి దూకుతుంది. అంతా బయటనే. మన ఊళ్ళ దుమ్ము, వానాకాలపు బురద దానిలో చేరి ఆరు నెలలకే కరకరమంటుంది. ఈ డబ్బాలో అంతా లోపలనే. ఆగి ఉన్నప్పుడు కూడా స్పీడు మార్చవచ్చు, ఎద్దుల బండి అడ్డము వచ్చి ఆగిపోయిన వాడికి అది ఎంత మేలో తొక్కినవాడికే తెలుసు. అయితే డబ్బా మూసి ఉన్నది గదా అని మరచిపోతే అది ఊరుకోదు. అసలు సంగతి ఇక్కడే ఉంది.

మీట మీద రెండవ స్పీడుకు, మూడవ స్పీడుకు నడుమ ఒక ఖాళీ ఉంటుంది. తీగ వదులైతే, రెండవ స్పీడులో ఉన్నామనుకున్న గేరు జారి ఆ ఖాళీలోకి పోతుంది. అప్పుడు పెడలు గాలిలో తొక్కినట్లు ఒక్కసారి ఖాళీగా తిరుగుతుంది. మెల్లగా పోయేవాడికి ఏమీ కాదు. లేచి నిలబడి బలమంతా పెట్టి తొక్కేవాడు మాత్రం హ్యాండిలు మీద పడతాడు. ఇప్పుడు తయారయ్యే హబ్బులలో ఆ ఖాళీ లేకుండా చేశారు. పాతవాటిలో ఉంది. దానిని దూరముంచడానికి చేయవలసినది చాలా చిన్న పని. కుడివైపు ఇరుసు చివరన ఉన్న పొడుగు నట్టుకు చిన్న రంధ్రం, కిటికీ వలె ఉంటుంది. మీటను రెండవ స్పీడులో పెట్టి ఆ కిటికీలో చూస్తే, లోపలి నుండి సన్నని గొలుసును పట్టుకొని వచ్చే కడ్డీ కనబడుతుంది. ఆ కడ్డీ భుజం సరిగ్గా ఇరుసు చివరతో సమముగా ఉండాలి. లోపలికి పోయి ఉంటే తీగ వదులు, బయటికి వచ్చి ఉంటే మరీ బిగువు. గొలుసు దగ్గరి మరను వేళ్ళతో తిప్పి సరిచేసి, చిన్న నట్టు బిగించాలి. పానా కూడా అక్కరలేదు.

మా ఇంట్లో ఆ కిటికీ చూడడం శనివారము సాయంత్రం నా పని. సైకిలు తుడిచి, హబ్బు మూత తీసి నూనె చుక్కలు వేసి, కిటికీ చూసి, బల్లెకు తడి గుడ్డ పెట్టాలి. 1974లో నాకు పదహారేండ్లు. ఫతే మైదానంలో క్రికెట్టు చూడడానికి ఎగబడే వయసు. వరుసగా మూడు శనివారాలు నేను ఆ పని చేయలేదు. "చూశావా?" అని నాన్నగారు అడిగినప్పుడు "చూశాను" అన్నాను.

సోమవారం ఉదయం నౌబత్ పహాడ్ వైపు ఎత్తులో, వెనుక పెట్టెతో, రెండవ స్పీడులో లేచి నిలబడి తొక్కుతుండగా పెడలు ఖాళీగా తిరిగింది. మోకాలి చిప్ప పగిలింది. ఎవరో రిక్షాలో ఇంటికి చేర్చారు. సైకిలును ఇంకొకరు నడిపించుకొని వచ్చారు.

మా వీధి చివర సైకిలు రిపేరు చేసే ముసలాయన ఉండేవాడు, మేమందరం చాచా అనేవాళ్ళం. సైకిలును ఆయన దగ్గరికి తీసుకుపోయాను. గేరు విరిగిందని ఆయన చెప్పాలని నాకు కోరిక. ఆయన వంగి కిటికీలో చూసి, "గేరుకు ఏం కాలేదు బేటా. తార్ ఢీలా ఉంది" అని, వేళ్ళతో రెండు చుట్లు తిప్పి సరిచేశాడు. పైసలు తీసుకోలేదు. ఆ రెండు చుట్ల పని నాది.

నాన్నగారు రెండు నెలలు మంచం మీద ఉన్నారు. కమీషను మీద బ్రతికే ఇంటిలో అది ఎట్లుంటుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అమ్మ ఇరుగుపొరుగు వారి జాకెట్లు కుట్టింది. నేను నోరు విప్పడానికి పదకొండు రోజులు పట్టింది. చెప్పినప్పుడు ఆయన గోడవైపు చూస్తూ, "తెలుసురా. పడిన చోటే కిటికీలో చూశాను" అన్నారు. కొంతసేపటికి, "ఇకమీదట శనివారము నేనూ నీ పక్కన కూర్చుంటాను" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని నాకు చాలా ఏండ్లు అనిపించింది.

ఆయన మరి పదిహేను సంవత్సరాలు ఆ సైకిలు తొక్కారు. ఎత్తు వచ్చినచోట దిగి నడిపించేవారు. ఇప్పుడది నా దగ్గర ఉంది.

సోదరునికి ఇక పని మాటలు. హబ్బు మీద చిన్న మూత ఉంటుంది, తీసి పలుచని నూనె ఒక చెంచాడు పోయండి. కుట్టు మిషను నూనె చాలు. కొబ్బరి నూనె, వంట నూనె వద్దేవద్దు, అవి లోపల జిగురై కూర్చుంటాయి. గ్రీజు కూరమని చెప్పేవారుంటారు, వినవద్దు. మిస్త్రీలు కుత్తా అని పిలిచే చిన్న పళ్ళు స్ప్రింగు మీద లేచి పడుతుండాలి. చిక్కని గ్రీజులో అవి అతుక్కుపోతే ఏ స్పీడు పట్టదు. ఇరవై యేండ్లు ఊరకనే ఉన్న హబ్బులో సగం రోగం ఎండిన నూనెనే. పాడైపోయిందని పారేసిన హబ్బులు నూనె పోసి రెండు రోజులు ఉంచితే లేచి తిరగడం నేను చూశాను.

వెనుక చక్రం విప్పవలసి వస్తే ముందుగా ఆ సన్నని గొలుసును తీగ నుండి విడదీయమనండి. గొలుసు తెగేది ఎక్కువగా ఈ తొందరలోనే. ఇరుసు రెండు పక్కలా చదునుగా అరగదీసి ఉంటుంది, దాని మీద కూర్చునే వాషర్లను మామూలువి అనుకొని డబ్బాలో కలిపేయనీయకండి. అవి లేకపోతే ఇరుసే తిరిగిపోతుంది. కాటర్ పిన్ను రాలేదని సుత్తి ఎత్తే మిస్త్రీని కాస్త ఆపి, కింద చెక్క ఆనించమనండి.

టైర్ల విషయంలో మనము భాగ్యవంతులము. ఇరవై యెనిమిది అంగుళాల ఒకటిన్నర టైరు కోసం ఇంగ్లండు, అమెరికా వాళ్ళు వెదుక్కుంటారు. మన మండల కేంద్రంలో ఏ సైకిలు షాపులోనైనా గోడకు వ్రేలాడుతుంది. వెనుక రిమ్ముకు నలభై, ముందు దానికి ముప్పైరెండు పుల్లలు అన్న పాత ఇంగ్లీషు లెక్క మన నల్ల సైకిళ్ళలో ఇంకా ఉంది గనుక రిమ్ములూ దొరుకుతాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు ఒడ్డున ఏటేటా మూడు స్పీడుల సైకిళ్ళ వారంతా కూడి సవారీ చేస్తారు. వారికి లేని సౌకర్యం షాద్‌నగర్‌లో ఉన్నదంటే నవ్వు వస్తుంది. పట్నం వస్తే కోఠి దగ్గరి ఇసామియా బజారులో సైకిలు సామాను దుకాణాలు వరుసగా ఉన్నాయి. గేరు తీగ దొరకనప్పుడు చాచా మోపెడ్ తీగను కోసి, చివర టంకం పోసి ఇచ్చాడు. అది పన్నెండేండ్లు పని చేసింది.

ఒక్క సంగతిలో మాత్రం ఈ సైకిలును నమ్మకండి. కడ్డీ బ్రేకులు తడిసిన రిమ్ము మీద సరిగా పట్టవు. వానలో పది గజాలు ముందే పట్టాలి. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఇది మొదట నేర్పండి, కిటికీ సంగతి రెండవది. మా మనుమరాలికి పదమూడేండ్లు. సీటు అందక కైంచీ తొక్కుడుతో మొదలుపెట్టింది, ఇప్పుడు ఆదివారం ఆరాధన ముగిశాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దాకా పోయి వస్తుంది. శనివారము సాయంత్రం ఆమె కిటికీలో చూస్తుంటే నేను పక్కన కూర్చుంటాను. ఆమె చూశానంటే చాలదు, నేనూ చూస్తాను. ఆమెకు దానిపై కొంచెము కోపం.

సోదరా, ఈ వారము నూనె పోసి, రాత్రంతా సైకిలును ఎడమ పక్కకు వాల్చి ఉంచండి. మరునాడు లేపి చక్రాన్ని చేతితో తిప్పండి. తీగ లేకున్నా పరవాలేదు, తీగ లేనప్పుడు హబ్బు మూడవ స్పీడులో ఉంటుంది. మెల్లగా ఎక్కి, కూర్చొనే తొక్కి, ఊరి చెరువు కట్ట దాకా పోయి రండి. చక్రం పట్టిందో జారిందో, డబ్బా మీద అంకె ఎంతో నాకు వ్రాయండి. తీగ ఎంత పొడవు కావాలో కొలిచి వ్రాస్తే ఇక్కడ చేయించి పంపుతాను.