ఐచ్ఛిక విలువల ఆప్షన్లపై తీర్మానం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాల ప్రోగ్రామర్లు, ప్రోగ్రామింగ్ బోధకులు, విద్యార్థుల సర్వసభ్య సమావేశం చిక్కడపల్లిలో జరిగి, ఈ క్రింది తీర్మానాన్ని ఆమోదించింది.

పూర్వాపరాలు

గమనించడమైనది: కమాండ్ లైన్ ఆప్షన్లు మూడు రకాలు. విలువ అక్కర్లేనివి, విలువ తప్పనిసరి అయినవి, విలువ ఇచ్చినా మానినా చెల్లేవి. మొదటి రెండింటితో పేచీ లేదు. మూడో రకంలో, ఆప్షన్ పక్కన ఉన్న పదం దాని విలువా, ప్రోగ్రాము చదవవలసిన ఫైలు పేరా అన్నది చూసినంత మాత్రాన తేలదు.

గమనించడమైనది: అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలోనూ, నగర కేంద్ర గ్రంథాలయంలోనూ గ్రూప్స్ పరీక్షలకు చదివేవారికి నమూనా ప్రశ్నపత్రాలతో నిత్యం పని. ప్రశ్నల వరుస మార్చే ప్రోగ్రాములో '--షఫుల్' ఆప్షన్‌కు సీడ్ అంకెను ఐచ్ఛిక విలువగా పెట్టి, ప్రశ్నల ఫైలుకు సంవత్సరం పేరే పెడితే, '--షఫుల్ 2024' అన్న ఆదేశాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. పైథాన్ ఆర్గ్‌పార్స్‌లో ఐచ్ఛిక విలువగా ప్రకటిస్తే 2024 సీడ్ అవుతుంది, ఫైలు లేకుండా పోతుంది. సీ భాషలో గ్నూ గెట్‌ఆప్ట్-లాంగ్‌తో రాస్తే 2024 ఫైలుగానే మిగులుతుంది.

గమనించడమైనది: ఆప్షన్ విలువలు ఐచ్ఛికంగా ఉండరాదని పోజిక్స్ ప్రమాణంలోని 7వ మార్గదర్శక సూత్రం చెబుతున్నది. గ్నూ గెట్‌ఆప్ట్ రెండు కోలన్ల గుర్తుతో ఇందుకు సడలింపు ఇచ్చింది. అయితే విలువ ఆప్షన్‌కు అంటుకునే ఉండాలన్న షరతు పెట్టింది.

విచారం వ్యక్తం చేయడమైనది: వాడుకలో ఉన్న ప్రసిద్ధ పరికరాల్లోనే ఒక పద్ధతి లేదు. విలువ లేని '--కలర్' ఆప్షన్ గ్నూ ఎల్ఎస్‌లో 'ఎల్లప్పుడూ' అని, గ్నూ గ్రెప్‌లో 'టెర్మినల్ అయితేనే' అని అర్థమిస్తుంది. సెడ్‌లోని '-ఐ' ఆప్షన్‌కు గ్నూ రకంలో విలువ ఐచ్ఛికం, మ్యాక్‌లో తప్పనిసరి. అందువల్ల లినక్స్ ల్యాబులో నడిచిన స్క్రిప్టు మ్యాక్‌లో తప్పు చూపవచ్చు. గ్నూ సెడ్‌లో '-ఐఈ' అని కలిపి రాస్తే 'ఈ' అక్షరం వేరే ఆప్షన్ కాక, బ్యాకప్ ఫైలు పేరు చివర చేరుతుంది.

విచారం వ్యక్తం చేయడమైనది: మైఎస్‌క్యూఎల్‌లో '-పీ' తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాస్తే, దాన్ని డేటాబేస్ పేరుగా తీసుకుని ప్రోగ్రాము పాస్‌వర్డ్‌ను మళ్ళీ అడుగుతుంది. గ్నూ మేక్‌లో '-జే' పక్కన అంకె మరిస్తే, ఏకకాలంలో నడిచే పనులకు పరిమితి ఉండదు.

తీర్మానాలు

1. తీర్మానించడమైనది: కొత్త ప్రోగ్రాముల్లో ఐచ్ఛిక విలువ గల ఆప్షన్ పెట్టరాదు. ఆ అవసరాన్ని రెండుగా విడదీయాలి: వరుస మార్చడానికి విలువ లేని '--షఫుల్', అంకె ఇవ్వడానికి విలువ తప్పనిసరైన '--సీడ్'.

2. తీర్మానించడమైనది: పాత వాడుక కోసం అటువంటి ఆప్షన్ ఉంచవలసి వస్తే, పొడవు పేరుకు విలువను సమానం గుర్తుతోనే, పొట్టి పేరుకు అంటించే ఇవ్వాలి. విడిగా ఉన్న తర్వాతి పదాన్ని ఏ పరిస్థితిలోనూ విలువగా తీసుకోరాదు. రస్ట్ క్లాప్‌లో సమానం గుర్తును తప్పనిసరి చేసే అమరికను వాడాలి.

3. తీర్మానించడమైనది: ఆప్షన్ అసలు లేనప్పుడు, విలువ లేకుండా ఉన్నప్పుడు, విలువతో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో సహాయ సందేశంలో వేర్వేరుగా రాయాలి. సమానం గుర్తు పెట్టి విలువను ఖాళీగా వదిలితే తప్పుగా చూపాలి. సీ భాషలో విలువ చిరునామా నల్ కాదని చూసుకున్నాకే దాన్ని వాడాలి.

4. తీర్మానించడమైనది: విలువ ఇవ్వనప్పటి అర్థం తక్కువ హాని చేసేదై ఉండాలి. ఫైలును చెరపడం, పరిమితి ఎత్తివేయడం అటువంటి అర్థాలు కారాదు.

5. తీర్మానించడమైనది: పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్ విలువగా తీసుకోరాదు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో అది ఇతరులకు కనబడే వీలుంది. ప్రోగ్రామే అడిగి తీసుకోవాలి.

6. తీర్మానించడమైనది: విడిగా వచ్చిన రెండు గీతల తర్వాత ఉన్నదేదీ ఆప్షన్ కాదన్న నియమాన్ని ప్రతి ప్రోగ్రామూ పాటించాలి.

7. తీర్మానించడమైనది: ఐచ్ఛిక విలువ ఉన్న ప్రతి ఆప్షన్‌కు, దాని వెంటనే ఫైలు పేరు వచ్చే సందర్భాన్ని పరీక్షించాలి. ఆ పరీక్ష లేని మార్పును స్వీకరించరాదు.

8. తీర్మానించడమైనది: ఇప్పటికే వాడుకలో ఉన్న సభ్యుల ప్రోగ్రాములను ఉన్నపళంగా మార్చరాదు. ఒక విడుదలలో హెచ్చరిక చూపి, తర్వాతి విడుదలలో పాత రీతిని తొలగించాలి.

నమోదు చేయడమైనది: తర్వాతి పదం అంకె అయితే విలువగా తీసుకోవచ్చని మేక్ తరహాలో వచ్చిన సవరణ వీగిపోయింది. సంవత్సరం పెట్టిన ఫైలు పేరు కూడా అంకే కావడం ఇందుకు కారణం.

తీర్మానించడమైనది: ఈ తీర్మానం ఆమోదించిన నాటి నుంచే అమలులో ఉంటుంది. ప్రతిని సభ్యులు తమ బోధనా తరగతుల్లో, ల్యాబుల్లో తెలుగులో అందుబాటులో ఉంచాలి. 1వ అంశానికి మినహాయింపు కోరేవారు కారణాన్ని రాతపూర్వకంగా తదుపరి సమావేశం ముందుంచాలి. ఆమోదం లభించే వరకు 2వ అంశం వర్తిస్తుంది.