మూల కూర్చుండబెట్టుట గౌరవము కాదు

పెద్దలయెడ మన కుటుంబములు చూపు ఆదరము అనేక విధముల మెచ్చదగినదే యైనను, అందొక పద్ధతి మాత్రము వారికి మేలుకంటె కీడే యెక్కువగా చేయుచున్నదని నిష్కర్షగా చెప్పవలసియున్నది. 60 ఏండ్లు దాటిన తల్లి బిందె యెత్తబోయినచో "నీ కెందుకమ్మా, మేము లేమా" అని చేతిలోనుండి లాగికొందుము. 70 ఏండ్ల తండ్రి బజారునకు బయలుదేరినచో "ఎండలో పడి పోవలెనా నాన్నా, కృష్ణా రామా అనుకొనుచు ఇంటిపట్టున కూర్చుండరాదా" అని వారింతుము. ఈ మాటలలోని ప్రేమను శంకింప బనిలేదు. కాని ఆ ప్రేమయే కొద్దియేండ్లలో ఆ తల్లిదండ్రులను గోడ పట్టుకొననిదే నడువలేని దుస్థితికి చేర్చుచున్నది. వార్ధక్యమున నడక తప్పిపోవుట విధిలిఖితము కాదు. పెక్కుమంది విషయమున అది కదలిక లేమిచే కలిగిన దౌర్బల్యము, తగిన వ్యాయామముచేత చాలవరకు మరలించుకొనదగిన దౌర్బల్యము.

వయస్సు పైబడుకొలది కండ తరుగుట సహజము. 60 దాటిన పిమ్మట ఆ తరుగుదల వేగము పుంజుకొనును. దానికి విశ్రాంతి తోడైనచో జరుగు నష్ట మెంతటిదో 2007లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటితమైన ఒక పరిశోధన వెల్లడించినది: ఆరోగ్యవంతులైన వృద్ధులను కేవలము పది దినములు మంచముపై నుంచగా, వారి కాళ్ళ కండ దాదాపు ఒక కిలో తరిగిపోయెను. జ్వరమువచ్చి పది దినములు పడకనున్న ముసలివారు జ్వరము తగ్గినను లేచి తిరుగలేకపోవుటకు కారణము జ్వరము మాత్రమే కాదు. మనము వారికి నియమించిన పడక కూడ. ఇందుకు ప్రతిగా, పోయిన బలమును తిరిగి తెచ్చుకొనవచ్చునన్నదియు అంతే నిశ్చయముగా రుజువైనది. 1990లో బోస్టను నగరమున మరియా ఫియాటరోన్ అను వైద్యురాలు, 90 ఏండ్ల ప్రాయముగల దుర్బలులచేత ఎనిమిది వారములపాటు కాళ్ళతో బరువు లెత్తించు వ్యాయామము చేయించగా, దానిని పూర్తిచేసినవారి తొడల బలము సగటున 174 శాతము పెరిగెను. తొంబదియేండ్లవారి కండయే శ్రమకు ఈ విధముగా బదులు పలికినప్పుడు, 65 ఏండ్లకే "ఇంక నా వల్ల కాదు" అని మంచము చేరువారిని చూచి ఊరకుండుట మనకు తగునా?

వాగ్భటుడు అష్టాంగహృదయమున వృద్ధులు వ్యాయామమును వర్జింపవలెనని చెప్పియుండలేదా యని శాస్త్రజ్ఞులైన పెద్దలు కొందరు ఆక్షేపింపవచ్చును. చెప్పినమాట నిజమే. అదే వాక్యము బాలురనుకూడ వారించుచున్నది. అయినను దానిని ప్రమాణముగా గొని పిల్లలను పరుగెత్తనీయక ఇంట కట్టిపెట్టిన తల్లి యెచ్చటను లేదు. బలవంతులు సైతము శక్తిలో సగమునే వ్యాయామమునకు వినియోగింపవలెనని ఆ ప్రకరణముననే విధింపబడియున్నది. శరీరస్థితికి మించిన శ్రమను నిషేధించుటయే ఆ మహావైద్యుని ఉద్దేశము గాని, ముదుసలిని మంచమునకు అప్పగించుట గాదని మా అభిప్రాయము. గుండెజబ్బు గలవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు, పక్షవాతమునుండి కోలుకొనుచున్నవారు ముందుగా వైద్యుని సలహా పొందవలసినదే. కాని ఆ సలహా ఎట్లు, ఎంత చేయవలెనో తెలుపునదై యుండవలెను. జీవితాంతము కూర్చుండుమను శాసనమై యుండరాదు.

మన పట్టణములలో ఫిజియోథెరపీ యను పేర జరుగుచున్న దానిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. మోకాళ్ళ నొప్పులతో పోయినవారికి వేడి కాపడము పెట్టి, "కరెంటు" పెట్టి, పది సిట్టింగులకు రుసుము గైకొని పంపివేయుట పెక్కుచోట్ల పరిపాటియైనది. పెద్దలును కరెంటు పెట్టించుకొనుటయే చికిత్సయని నమ్ముచున్నారు. బ్రిటను దేశమున వైద్యచికిత్సలకు ప్రమాణములు నిర్ణయించు జాతీయసంస్థ, కీళ్ళ అరుగుదలకు ఇట్టి విద్యుచ్చికిత్సలు చేయవలదనియు, ఆ వ్యాధిగలవారి కందరికిని వ్యాయామమునే ప్రధానచికిత్సగా నీయవలెననియు 2022లో స్పష్టపరచినది. మొదటి దినములలో కొంత నొప్పి కలిగినను, క్రమము తప్పక చేసినవారికి తుదకు ఉపశమనమే లభించునని రోగులకు నచ్చజెప్పవలెననియు అది సూచించినది. నడచినకొలది మోకాలు అరిగిపోవునను భయము మన ఇండ్లలో వేళ్ళూనియున్నది. దానిని పెకలించుట చికిత్సకుని మొదటి ధర్మము.

నిజమైన చికిత్స ఎట్లుండునో చూడుడు. చేతులులేని గట్టి కుర్చీలో ఒక వృద్ధురాలు కూర్చున్నది. చేతులు రొమ్ముపై కట్టుకొని లేవుమన్నచో మొదట లేవలేకపోవును. నడుము ముందునకు వంగును, పిరుదులు జానెడు లేచి మరల కుర్చీలో పడును. చికిత్సకుడు కుర్చీపై మందపాటి దిండువేసి ఎత్తు పెంచును, ఇప్పుడు లేచును. వారము దినములకు దిండు పలుచనగును, తరువాత తొలగును. చీలమండకు అరకిలో ఇసుకసంచి కట్టి మోకాలు చాపించి కొంతసేపు నిలిపియుంచును. అది సులువైననాడు బరువు పెంచును. వంటింటి గట్టు పట్టుకొని మడమలెత్తి మునివేళ్ళపై నిలుచుట, ఒంటికాలిపై నిలుచుట, మడమకు మునివేలు తాకునట్లు గీతవెంబడి నడచుట సాగును. ఇందలి మర్మమంతయు పెంపుదలలోనే యున్నది. బరువును, కష్టమును పెంచక ఏడాది పొడవున ఒకే తీరుగా కాళ్ళాడించుట వలన కండ పెరుగదు. నిలుకడకు ప్రత్యేకముగా అభ్యాసము చేయక కేవలము ప్రాతఃకాలమున వాహ్యాళికి పోవుట వలన జారిపడుట తగ్గదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నిమిషములకు తక్కువగాని నడకవంటి శ్రమతోపాటు, రెండు దినములు బలమునకు, మూడు దినములు నిలుకడకు వ్యాయామములు విధించుట ఈ కారణముచేతనే.

పడిపోవుటవలన ప్రపంచమున ఏటేట 6,84,000 మంది మరణించుచున్నారని ఆ సంస్థయే లెక్కకట్టినది. వ్యాయామము పడిపోవుటను 23 శాతము తగ్గించునని 2019 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చినది. ఇది తెలిసియు మన ప్రభుత్వములు ధనమును వెచ్చించునది ఎముక విరిగిన తరువాతనే. 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండినవారికెల్ల ఆయుష్మాన్ భారత్ క్రింద ఏడాదికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స వర్తింపజేసిరి, అది హర్షణీయమే. కాని తుంటి విరిగి ఆసుపత్రిలో చేరినవానికి లభించు సాయము, తుంటి విరుగకుండ వారమునకు రెండు దినములు చికిత్సకునివద్దకు పోయివచ్చువానికి లేదు. ఈ న్యాయము తలక్రిందులైనది, దీనిని సవరింపవలెను.

మా కోరిక స్పష్టము. మండలమునకు కనీసము ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఫిజియోథెరపిస్టు పోస్టును శాశ్వతముగా నెలకొల్పవలెను. 2010లో ఆరంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమము జిల్లా ఆసుపత్రులకు పది పడకల వార్డును, ఫిజియోథెరపీ విభాగమును ఉద్దేశించినది; కాని మోకాళ్ళు పట్టిన ముదుసలి బస్సు మెట్లెక్కి జిల్లా కేంద్రమునకు వారమునకు రెండుమార్లు పోగలదని తలచుటకంటె అవివేకము లేదు. చికిత్సకులకు కొరత యనుట చెల్లదు. విజయవాడ, వరంగల్లులలోని ఆరోగ్య విశ్వవిద్యాలయముల అనుబంధ కళాశాలలనుండి నాలుగున్నరయేండ్ల చదువు ముగించిన పట్టభద్రులు ఏటేట వెలువడుచునే యున్నారు.

అవసరమున్నవారిని గుర్తించుటయు కష్టము కాదు. ఆంధ్రప్రదేశమున సచివాలయ ఉద్యోగులు నెలనెల వృద్ధుల ఇంటికే పోయి 4,000 రూపాయల పింఛను అందించుచున్నారు. ఏడాదికి రెండుమార్లు ఆ గుమ్మముననే ఒక చిన్న పరీక్ష జరుపవచ్చును: కుర్చీనుండి లేచి, మూడు మీటర్లు నడచి, వెనుదిరిగివచ్చి కూర్చుండుటకు 12 సెకనులు గాని అంతకు మించిగాని పట్టినవారి పేర్లు ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను. తెలంగాణమున ఈ పనిని ఆశా కార్యకర్తలకు, తగిన అదనపు వేతనముతో, అప్పగింపవచ్చును. పంపిన పేర్లను అందుకొనుటకు అచ్చట చికిత్సకుడు లేనినాడు ఈ పరీక్ష వట్టి కాగితముల పనియగును గనుక, పోస్టుల మంజూరు ముందు జరుగవలెను. రాబోవు బడ్జెట్టులోనే ఉభయ రాష్ట్రములును ఇందులకు ప్రత్యేకముగా నిధులు కేటాయింపవలెను.