బీడీ వదిలి వేప్ పట్టుకుంటే షుగర్ ఊరుకుంటుందా?

ఈరోజు శనగ రేటు గురించో, తెగులు గురించో రాయడం లేదు. మన ఒంటి సంగతి రాస్తున్నాను. షుగర్ ఉండి బీడీయో సిగరెట్టో తాగేవాళ్లు కొంచెం ఓపికగా చివరిదాకా చదవండి.

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేండ్లయింది. బీడీ అలవాటు అంతకంటే పాతది. పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చినాడు. నేను అరుగు మీద కూర్చుని బీడీ ముట్టిస్తుంటే, "ఇంకా ఆ బీడీ ఏంది మామా? ఇది లాగు. ఇది పొగ కాదు, ఆవిరి. షుగర్ ఉన్నా ఏం కాదు" అని పెన్ను మాదిరి ఉండేదొకటి చేతిలో పెట్టినాడు. మామిడిపండు వాసన. రెండు దమ్ములు లాగినాను. బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

తర్వాత పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగినాను. ఆమె ఒకటే అడిగింది: "అందులో నికోటిన్ ఉందా?" ఉందన్నాను. "అయితే అది నీ షుగర్‌కు మంచిది కాదు" అనింది.

నికోటిన్ మనకు కొత్తదేం కాదు. పేనుబంకకు పొగాకు కషాయం కొట్టినోళ్లం. అగ్నిఅస్త్రంలో పొగాకు వేసేది ఎందుకు? అందులోని నికోటిన్ పురుగు నరాలను దెబ్బ కొడుతుందని. మనం డబ్బాల్లో కొనే ఇమిడాక్లోప్రిడ్ కూడా పురుగు నరాల మీద నికోటిన్ మాదిరే పనిచేసే మందే. మామిడిపండు వాసన కలిపినంత మాత్రాన దాని గుణం మారుతుందా?

నికోటిన్ ఒంట్లోకి పోతే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయదు, రక్తంలో చక్కెర పెరుగుతుంది. షుగర్ ఇప్పటికే మన నరాలను, నాళాలను తింటూ ఉంటుంది. దానికి ఇది తోడైతే కాళ్లకు దెబ్బ పడే ప్రమాదం పెరుగుతుంది.

మనం నల్లరేగడిలో ఒట్టికాళ్లతో తిరిగేవాళ్లం. మా వీధిలో ఒక పెద్దాయనకు తుమ్మ ముల్లు దిగితే రెండు దినాలు తెలియనే లేదు. కాలికి స్పర్శ లేదు, రక్తం సరిగా పారదు. ఆయన బీడీ మానలేదు, పుండూ మానలేదు. చివరికి బొటనవేలు తీసేసినారు. ఇప్పుడు మడక వెనక నడవలేడు.

"బ్రిటన్‌లో డాక్టర్లే సిగరెట్ మానడానికి వేప్ వాడమంటారంట కదా" అని మా వాడు వాదించినాడు. నిజమే. కాల్చే పొగ కంటే దాంట్లో విషాలు తక్కువ అని అక్కడ చెప్తారు. తక్కువ హాని అంటే హాని లేదని కాదు. తాగనోళ్లు మొదలుపెట్టొద్దని కూడా వాళ్లే చెప్తారు. పైగా అక్కడ ఒక మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ నికోటిన్ ఉండకూడదని చట్టం ఉంది.

మన దేశంలో 2019లోనే ఈ-సిగరెట్లను నిషేధించినారు. అమ్మినా, తెప్పించినా, నిల్వ పెట్టినా నేరం. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అంటే ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే. బిల్లు లేని విత్తనం కొని మోసపోయినోళ్లం మనం. బిల్లు లేని విత్తనమైతే ఒక పంట పోతుంది. బిల్లు లేని ద్రావకాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే పోయేదేంది? 2019 నుంచి 2020 ఫిబ్రవరి లోపల అమెరికాలో వేప్ తాగి 2,800 మందికి పైగా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలైనారు, 68 మంది చనిపోయినారు. ఎక్కువమంది తాగింది గంజాయి నూనె కలిపిన సరుకు, చాటుమాటుగా కొన్నది. లోపల ఏం కలిపినారో తాగేవాళ్లకు తెలియదు.

అందుకే నా మాట ఒకటే. షుగర్ ఉన్నోడు బీడీ వదిలి వేప్ పట్టుకోవడం గట్టు దాటి పక్క చేన్లో దిగబడడమే. రెండూ వదలాల.

నేను మానేసి నాలుగు నెలలైంది. మధ్యలో రెండుసార్లు తప్పినాను, మళ్లీ మొదలుపెట్టినాను. పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వం 1800-11-2356 నంబరు పెట్టింది, ఫోనుకు డబ్బులు పడవు. నికోటిన్ చూయింగ్ గమ్ కావాలంటే డాక్టరును అడిగి వాడండి. అందులోనూ నికోటినే, కానీ కొలత ప్రకారం ఇచ్చి, తగ్గించుకుంటూ ఆపేస్తారు. మానిన కొత్తల్లో షుగర్ లెక్క మారొచ్చు, కాబట్టి పరీక్ష మానొద్దు. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ వెలుతురులో చూసుకోండి. చేనికి పోతే చెప్పులేసుకోండి.

పట్నం నుంచి వచ్చే పిల్లోళ్లు ప్రేమతోనే ఇస్తారు. కోప్పడొద్దు. ఈ పోస్టు చదివించండి.