సీ వ్యూలో కనబడని మనుషులు

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పొడుగునా ఫ్లాట్లు, రిసార్టు విల్లాలు అమ్మేవాళ్లకి నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే గిరాకీ. అడక్కపోయినా వాట్సాప్‌లో బ్రోచర్లు వచ్చి పడుతుంటాయి. నేను చూసినవాటిలో బొమ్మ ఒక్కటే: బాల్కనీ, కాఫీ కప్పు, నీలం సముద్రం. తెప్ప ఉండదు, వల ఉండదు, ఇసుక మీద ఎండుతున్న చేపలుండవు. 'సీ ఫేసింగ్' పేరుతో అదనంగా రేటు కట్టేది ఈ ఖాళీకే.

ఆ ఒడ్డు ఖాళీ కాదండీ. జాలరికి అది పనిచేసే చోటు. పడవ నిలపాలి, వల బాగుచేసుకోవాలి, చేపలు ఎండబెట్టాలి, పదిమంది కలిసి అలివి వల లాగాలి. ఆ ఇసుకకి పట్టా ఎవరూ రాయించుకోలేదు. తరతరాల వాడుకే హక్కు. బ్రోచర్ చెరిపేసేది సరిగ్గా ఆ హక్కునే.

చట్టం కాపాడుతుందా? 1991 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదంది. 2019లో, జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన పల్లెల్లో దాన్ని 50 మీటర్లకి కుదించారు. జనం ఎక్కువున్నచోటే రక్షణ తక్కువన్నమాట!

జాలర్లూ ఇళ్లు కట్టుకోవాలి కదా అంటారు. కట్టుకోవాల్సిందే. 100 నుంచి 200 మీటర్ల మధ్య సంప్రదాయ తీరవాసుల ఇళ్లకి 2011 నోటిఫికేషన్లోనే వీలుంది. వాళ్ల అవసరం చూపించి తలుపు అందరికీ తెరవడం దేనికి?

కట్టేశాక ఎవరేం చేస్తారులే అనే ధీమా ఒకటి. కొచ్చి దగ్గర మరడులో సీఆర్‌జెడ్ నిబంధనలు మీరిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాల్ని సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. అందులో కొనుక్కున్నవాళ్లూ మనలాంటివాళ్లే.

సాహిత్యం చదివే మనకి ఇందులో పనేంటంటారా? ఉంది. మనం మెచ్చుకునే బీచ్ కవితల్లో కూడా సూర్యోదయం, ఒంటరితనం, ప్రేయసి పాదముద్రలే ఎక్కువ. చేపల కంపు తక్కువ. బిల్డర్ కొత్తగా కనిపెట్టిందేం లేదు, మనకి అలవాటైన చూపుకే రేటు కట్టాడు.

ఫ్లాట్ కొనొద్దని నేను చెప్తే మీరు వింటారా? కనీసం రెండు ప్రశ్నలు అడగండి. పోటు గీత ఎక్కడ? ఊరివాళ్లు ఒడ్డుకి వెళ్లే దారి ఎక్కడ? రెండోదానికి జవాబు లేకపోతే, మీరు కొంటున్నది వాళ్ల దారినే.