చేతి నొప్పికి మూత్రపిండాలను బలిపెట్టకండి

పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమల్లో రోజంతా గింజలు కోసి, పొట్టు వలిచే స్త్రీలను అడగండి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి, రాట్నం తిప్పే స్త్రీలను అడగండి. సాయంత్రానికి జబ్బలు లాగేస్తాయనీ, ముంజేతులు పీకుతాయనీ చెబుతారు. అందుకేం చేస్తున్నారంటే, “ఒక బిళ్ళ వేసుకుంటాం బాబూ” అంటారు. నా అభ్యంతరమంతా ఆ బిళ్ళపైనే.

ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని నేననను, అది అసత్యం. కానీ చెమటోడ్చి, నీరు తక్కువగా తాగిన శరీరంలో మూత్రపిండాలకు రక్తప్రవాహాన్ని కాపాడే రసాయనాలనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫేన్ వంటి మందులు అణచివేస్తాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించవలసి వచ్చిన నేలపై, ఈ మందులను చీటీ లేకుండా చిల్లరగా అమ్మడం నేరం కాక మరేమిటి? చీటీ రాసిచ్చిన మా వైద్యుల తప్పూ తక్కువది కాదు. రోగి తొందరలో ఉన్నాడని నేనూ రాశాను.

అలసటకు మీ రెండో చెయ్యే మొదటి మందు. పిడికిలి బిగించే కండరాలు అరచేతిలో కన్నా ముంజేతిలోనే ఎక్కువ. వాటి మొదళ్ళు మోచేతి ఎముకల దగ్గర ఉంటాయి. కాబట్టి వేళ్ళు నొప్పెడితే ముంజేయిని పట్టండి. చేతిని ఒడిలో వదులుగా ఆనించి, కాస్త కొబ్బరినూనె రాసి, బొటనవేలితో మణికట్టు నుండి మోచేతి వైపు నిదానంగా ఒత్తండి. గట్టిపడిన చోట అర నిమిషం ఆగి, ఊపిరి వదులుతూ నొక్కి ఉంచండి. హాయిగా అనిపించే నొప్పి చాలు, పళ్ళు బిగించేంత వద్దు. బొటనవేలి కింది కండను పిండండి. జబ్బను గుప్పిటతో పట్టి వదలండి. చేతికి ఐదు నిమిషాలు చాలు. ఎముకపైనా, మోచేతి లోపలి మడతలోనూ నొక్కవద్దు. జీడిరసంతో చర్మం కాలి పుండ్లుంటే అవి మానేదాకా ఆగండి.

మర్దనతో “లాక్టిక్ ఆమ్లం బయటికి పోతుంది” అంటూ ఖరీదైన తైలాలు అమ్మేవారిని నమ్మకండి. ఆ ఆమ్లం విశ్రాంతిలో గంటా గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది. మర్దన ఇచ్చేది తాత్కాలిక ఉపశమనమే. పనిలో గంటకు రెండు నిమిషాల విరామం, తాగేందుకు మంచినీరు ఇవ్వని యజమానికి ఇది సాకు కారాదు.

రాత్రుళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కినా, చెయ్యి వాచి ఎర్రబడినా వైద్యుణ్ణి కలవండి. ఛాతీ బరువు, చెమటలతో ఎడమ చెయ్యి లాగితే మర్దన చేస్తూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. డయాలిసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతిని మాత్రం ఎన్నడూ మర్దించకండి, ఎవరినీ మర్దించనివ్వకండి. ఉద్దానంలో అటువంటి చేతులు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి.