పని పోయిన నాడు చేయి చాచవలసిందేనా?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా నెలకు రంజాన్ వచ్చింది. పండుగ ముందు రాత్రింబవళ్ళు తిరిగే మా ఆదోని దర్జీల మిషన్లు ఆ ఏడు మూగబోయాయి. ఎమ్మిగనూరులో నేసిన చీర అమ్ముడుపోక మగ్గాలు ఆగాయి. సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయినవారు అక్కడే చిక్కుకున్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ఉచిత బియ్యం ఇచ్చారు. ఏప్రిల్‌లో పేద కుటుంబానికి వెయ్యి రూపాయలు ఇంటికే చేర్చారు. అయితే అది సహాయం. పని పోయిన కార్మికునికి హక్కుగా రావలసిన భృతి వేరు.

అటువంటి భృతి మన దేశంలో లేకపోలేదు. ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్ 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ప్రారంభించింది. పని పోయిన బీమా కార్మికునికి సగటు రోజు వేతనంలో 25 శాతం, 90 రోజుల వరకు ఇచ్చేవారు. 2020లో దానిని 50 శాతానికి పెంచారు. 90 రోజులు ఆగనక్కర లేకుండా 30 రోజులకే, యజమానితో నిమిత్తం లేకుండా కార్మికుడే అర్జీ పెట్టుకునే వీలు కల్పించారు. మంచి మార్పే.

మరి ఆదోని కార్మికునికి అందులో దక్కిందెంత? 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం సీజన్ ఫ్యాక్టరీలను మినహాయించింది. కేవలం పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్, వేరుశనగ కాయలు వొలిచే పని చేసే మిల్లులు ఆ జాబితాలోనే ఉన్నాయి. ఆదోని బ్రతుకే పత్తి, వేరుశనగల మీద! 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపు నిలిచింది. ఇక దర్జీ, హమాలీ, తోపుడుబండి వాడు ఆ భృతి లెక్కలో లేరు.

నేతపనివారి సంగతీ అంతే. నేతన్న నేస్తం కింద అప్పట్లో ఏడాదికి ఇచ్చే 24 వేల రూపాయలను 2020 జూన్‌లో ఆరు నెలలు ముందుగానే ఇచ్చారు. కాని అది సొంత మగ్గం ఉన్నవారికే. సావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు మిగిలిపోయాడు.

అమెరికాలో అదే ఏడు నిరుద్యోగ భృతికి జూలై చివరి దాకా వారానికి 600 డాలర్లు అదనంగా కలిపారు. అది ధనిక దేశమని కొట్టివేయవచ్చు. కాని గమనించవలసింది డబ్బును కాదు. పాత చట్టంలోకి రాని స్వయం ఉపాధి వారికోసం వేరే పథకమే పెట్టారు. జాబితాలో లేనివాడికీ ఆకలి ఉంటుందని గుర్తించారు.

ఆ రంజాన్‌లో జకాత్, ఫిత్రా సొమ్ము ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. అది మన ఫర్జ్. అయితే ఖైరాత్ వేరు, హక్కు వేరు. ఏడాదంతా చెమటోడ్చినవాడు ఒక్క నెల పని పోతే చేయి చాచవలసి రావడం ఎవరికి గౌరవం?

సీజన్ మిల్లుల మినహాయింపు తొలగించాలి. కూలి నేతగానిని, దర్జీని భృతి లెక్కలోకి తేవాలి. మన చదువుకున్న యువకులు మొహల్లాలో ఒక్కొక్క కార్మికుని పేరు ప్రభుత్వ రిజిస్టర్లలో ఎక్కించే పని చేపట్టాలి. మరో జబ్బు చెప్పి రాదు. ఆ రోజు వెతికినా రిజిస్టరులో పేరు దొరకదు.